కంప్యూటరులోని వీడియోలను ఫోనులోనికి చేర్చుకొనుట

ఉత్తర తెలంగాణములోని పల్లెలలో గడచిన ముప్పది నలుబది సంవత్సరములుగా పెండ్లిండ్లు, గృహప్రవేశములు, జాతరలు, పెద్దకర్మలు వీడియోలుగా తీయబడుచున్నవి. మొదట అవి క్యాసెట్లుగాను, పిదప సీడీలు, డీవీడీలుగాను ఇండ్లకు చేరినవి. నేడు ఫొటో స్టూడియోల వారు వానిని పెన్ డ్రైవులో వేసి యిచ్చుచున్నారు. అయితే వానిని చూచుటకు ఇంటిలో నున్న సాధనమేది? క్యాసెట్టు ఆడించు యంత్రము అటకెక్కి చాలకాలమైనది. డీవీడీ ప్లేయరు చెడినచో బాగుచేయువారు దొరకుట కష్టము. కంప్యూటరు ఏ కొద్ది యిండ్లలోనో యుండును. ఫోను మాత్రము దాదాపు ప్రతి యింటను కలదు. కావున కంప్యూటరులోని వీడియోను చెడకుండ ఫోనులోనికి చేర్చుట యెట్లు అను విషయము చిన్నదిగా తోచినను, పల్లెవాసులకు తెలిసియుండదగినది.

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలవారికి దీని అవసరము మరింత హెచ్చు. 2016 అక్టోబరులో ఈ రెండు జిల్లాలు విభజింపబడి, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం మొదలగు కొత్త జిల్లాలు ఏర్పడినవి. పేర్లు మారినను ఇక్కడి కుటుంబముల స్థితి మారలేదు. 1970ల దశకమునుండి ఈ ప్రాంతపు యువకులు బతుకుదెరువునకై గల్ఫ్ దేశములకు పోవుచున్నారు. చెల్లెలి పెండ్లికి సెలవు దొరకక రాలేకపోయినవారు, తండ్రి కడచూపునకు అందుకొనలేకపోయినవారు ఈ గ్రామములలో ఎందరో కలరు. దుబాయిలోనో మస్కట్టులోనో పలువురితో కలిసి ఒకే గదిలో నుండు అట్టి వానికి సొంతమైన తెర అనునది చేతిలోని ఫోను ఒక్కటే. ఆ వీడియో వానికి స్పష్టముగా, పూర్తిగా చేరవలెను.

సాధారణముగా జరుగుచున్నదేమి? ఇంటిలోని పిల్లవాడు ఆ వీడియోను వాట్సాపులో పంపును. వాట్సాపు ఏ వీడియోనైనను పంపుటకు ముందు కుదించును. కుదింపులో చిత్రములోని సూక్ష్మ వివరములు పోవును. దగ్గరగా తీసిన ముఖములు గుర్తు తెలియును గాని, పందిరి క్రింద వెనుక వరుసలో కూర్చున్న తాత ముఖము చెదిరిన రంగుల మచ్చగా మారును. దానినే మరియొకరు మరియొకరికి పంపినచో ఒక్కొక్కప్పుడు మరికొంత పోవును. పోయిన వివరము ఏ యుపాయముచేతను తిరిగి రాదు. వాట్సాపుననే పంపవలసివచ్చినచో వీడియోగా గాక ‘డాక్యుమెంటు’గా పంపవలెను. అట్లు పంపినచో అది కుదింపక ఉన్నదున్నట్లు పంపును. 2022 నుండి ఇట్లు ఒక్కొక్క ఫైలు 2 జీబీ వరకు పంపుటకు వీలు కలిగినది.

అయితే పెండ్లి వీడియో 2 జీబీలో ఇముడదు. ఇందులకు చిన్న లెక్క చాలును. వీడియోలో సెకనుకు 8 మెగాబిట్ల సమాచారము ఉన్నదనుకొందము. నేటి స్పష్టమైన వీడియోలకు ఇది సాధారణమైన కొలత. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక అది సెకనుకు 1 ఎంబీ. నిమిషమునకు 60 ఎంబీ, గంటకు 3.6 జీబీ. మూడు గంటల పెండ్లి 10.8 జీబీ అగును. దీనిని రోజుకు 2 జీబీ చొప్పున ఇచ్చు మొబైలు ప్యాకుపై పంపదలచినచో, మరే పనికిని వాడకున్నను ఆరు దినములు పట్టును. ప్యాకు పరిమితి లేదనుకొన్నను, సెకనుకు 10 మెగాబిట్లు నిలకడగా వచ్చుచోట 2 గంటల 24 నిమిషములు కావలెను. అదియును ఎక్కించుటకు ఒకసారి, అవతలివాడు దించుకొనుటకు మరియొకసారి. ఉట్నూరు, తిర్యాణి ప్రాంతపు అడవి గూడెములలో ఆ నిలకడ యెంతవరకు లభించునో అక్కడివారికే తెలియును. అదే వీడియో కంప్యూటరునుండి ఫోనునకు తీగ ద్వారా సెకనుకు 30 ఎంబీ చొప్పున సాగినచో ఆరు నిమిషములలో చేరిపోవును. ఆరు దినములెక్కడ, ఆరు నిమిషములెక్కడ! పైగా ఒక్క చుక్కయు చెడదు.

ఇక తీగ సంగతి. ‘ఫోను చార్జింగయితాంది గని కంప్యూటర్ల కనవడ్తలేదన్నా’ అని స్టూడియోలకు వచ్చువారు చెప్పుట తరచు వినబడును. ఇందులో తప్పు ఫోనుదియు కాదు, కంప్యూటరుదియు కాదు. సాధారణ యూఎస్‌బీ తీగలో లోపల నాలుగు సన్నని తీగలుండును. రెండు కరెంటు కొరకు, రెండు సమాచారము కొరకు. సంతలలోను బస్టాండులలోను చవకగా దొరకు కొన్ని తీగలలో సమాచారపు తీగలు రెండును వేయరు. అట్టి తీగతో బ్యాటరీ నిండును గాని ఫైలు కదలదు. ఫోను కొన్నప్పుడు పెట్టెలో వచ్చిన తీగ చాలవరకు ఈ పనికి వచ్చును. కొత్తది కొనునప్పుడు ‘డేటా కేబులు’ కావలెనని అడిగి, వీలైనచో అంగడిలోనే కంప్యూటరుకు తగిలించి చూచి కొనుట మేలు.

తీగ మంచిదైనను ఫోను తనంత తాను తలుపు తెరువదు. ఆండ్రాయిడు ఫోనును తగిలించిన పిమ్మట మొదట దాని తాళము తీయవలెను. తెరపై భాగమునుండి వ్రేలితో క్రిందికి లాగినచో, యూఎస్‌బీ ద్వారా చార్జింగు అగుచున్నదను సూచన కనబడును. దానిని నొక్కి ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ అనుదానిని ఎన్నుకొనవలెను. అప్పుడు కంప్యూటరులో ఫోను పేరు కనబడును. దానిలోని ‘మూవీస్’ అను ఫోల్డరులో వీడియోను అతికించినచో చాలును.

ఈ అనుమతి యెందులకని కొందరు విసుగుకొందురు. వెనుకటి ఫోనులు తీగ తగిలించగానే తమ మెమరీని పెన్ డ్రైవువలె కంప్యూటరునకు పూర్తిగా అప్పగించెడివి. ఆ కాలమంతయు ఫోను దానిని వాడుకొనలేకపోయెడిది. మధ్యలో తీగ జారినచో లోపలి సమాచారమంతయు చెడిన సందర్భములు కలవు. 2011 ప్రాంతమునుండి ఆండ్రాయిడు ఫోనులు ఎంటీపీ అను వేరొక పద్ధతిని అనుసరించినవి. జమ్మికుంట పత్తి మార్కెట్టులో గోదాము తాళములు రైతు చేతికియ్యరు. రైతు బస్తా దించును, గోదాము మనిషి దానిని లోపల సర్దును. ఎంటీపీ పద్ధతియు ఇట్టిదే. కంప్యూటరు ఫైలును అందించును, ఫోను తానే దానిని లోపల పెట్టుకొనును. అందుచేత తీగ జారినను ఆ ఒక్క ఫైలు సగములో ఆగును గాని తక్కినవి చెడవు. ఇందువలననే ‘కట్’ చేసి అతికించుట గాక ‘కాపీ’ చేసి అతికించుట క్షేమము. కాపీ చేసినచో అసలు ఫైలు కంప్యూటరులోనే యుండును. సగములో కరెంటు పోయినను మరల మొదలుపెట్టవచ్చును.

ఫైలు చేరినది, కాని ఆడలేదు. ఇది రెండవ చిక్కు. కొన్ని వీడియోలలో మాట వినబడును, బొమ్మ కనబడదు. కొన్ని అసలు తెరచుకొనవు. ఎంపీ4, ఏవీఐ, ఎంకేవీ అనునవి గోనెసంచుల పేర్ల వంటివి. సంచిపై ముద్ర ఒకటే యైనను లోపల వడ్లుండవచ్చును, మక్కలుండవచ్చును. లోపలి చిత్రమును ఏ పద్ధతిలో కుదించిరో అది వేరొక సంగతి. 2003లో వచ్చిన హెచ్.264 అను పద్ధతిని నేటి స్మార్టుఫోనులన్నియు చదువగలవు. 2013లో వచ్చిన హెచ్.265 అదే చిత్రమును దాదాపు సగము చోటులో ఇమిడ్చును గాని, పాత ఫోనులు, చవక ఫోనులు కొన్ని దానిని చదువలేవు. కావున స్టూడియోవారి యొద్ద తీసికొనునప్పుడే ‘ఎంపీ4లో, హెచ్.264లో ఇయ్యుడు’ అని కోరుట వివేకము. ఇది వారికి కష్టమైన పనియు కాదు.

పాత డీవీడీల విషయమును కొంత విపులముగా చెప్పవలసియున్నది. ఏలయన, ఈ జిల్లాల యిండ్లలో నష్టమగుచున్న సంపద అధికముగా అందులోనే యున్నది. 2000 తరువాత పదిపదునైదు సంవత్సరములలో జరిగిన పెండ్లిండ్లు పెక్కు ఈ పళ్లెములలోనే కలవు. ఆనాడు పీటలపై కూర్చున్న వధూవరుల బిడ్డలు నేడు కళాశాలలలో చదువుచున్నారు. పందిరిలో తిరిగిన తాతలు, అవ్వలు ఎందరో కాలము చేసిరి. వారి నడక, వారి మాట ఆ పళ్లెములో తప్ప మరెక్కడను లేవు. స్టూడియోలలో తగులబెట్టి యిచ్చిన డీవీడీ (ఆ పనికి అదే వాడుక మాట) అచ్చు వేసిన సినిమా డీవీడీ వంటిది కాదు. దానిలో సమాచారము ఒక రంగు పొరపై లేజరుతో వ్రాయబడును. ఎండకు, వేడికి, తేమకు ఆ పొర క్రమముగా చెడును. పైకి గీత లేకున్నను లోపల చదువరానిది కావచ్చును.

అట్టి పళ్లెమును కంప్యూటరులో పెట్టి చూచినచో ‘వీడియో_టీఎస్’ అను ఫోల్డరు కనబడును. అందు వీఓబీ అను పేరుగల ఫైలులుండును. అవి ఒక్కొక్కటి సుమారు 1 జీబీకి మించవు. పొడవైన వీడియో ఇట్లు మూడు నాలుగు ముక్కలుగా నుండును. మొదట ఆ ఫోల్డరును మొత్తముగా కంప్యూటరులోనికి కాపీ చేసికొనవలెను. తరువాత హ్యాండ్‌బ్రేక్ అను ఉచిత సాధనముతో దానిని ఎంపీ4గా మార్చవచ్చును. ముక్కలన్నియు కలిసి ఒకే వీడియోగా వచ్చును. మార్చుటకు ఓపిక లేనివారు వీఓబీ ఫైలులనే ఫోనులో వేసికొని, వీఎల్‌సీ అను ఉచిత ఆటగాడితో చూడవచ్చును. పారిస్‌లోని విద్యార్థులు తమ కళాశాలలో మొదలుపెట్టిన ఈ వీఎల్‌సీ నేడు ప్రపంచమంతట వాడుకలో నున్నది. ఇతరములు తెరువలేని ఫైలులను పెక్కింటిని ఇది తెరువగలదు. ఒక్క హెచ్చరిక: డీవీడీ చిత్రము మన దేశపు కొలతలో అడ్డము 720, నిలువు 576 చుక్కలు మాత్రమే. దానిని పెద్ద కొలతకు సాగదీసి మార్చినచో ఫైలు పెరుగును గాని స్పష్టత పెరుగదు. పాత కంప్యూటరుపై మార్పునకు గంటలు పట్టవచ్చును. రాత్రి పెట్టి పండుకొనుట మంచిది.

కంప్యూటరు సమీపమున లేనప్పుడు మెమరీ కార్డు ఉపయోగపడును. మన ప్రాంతమువారికి ఇది కొత్త కాదు. 2016 సెప్టెంబరులో జియో రాకతో మొబైలు డేటా చవక కాకమునుపు, మండల కేంద్రములలోని సెల్ దుకాణములలో పది, ఇరువది రూపాయలకు పాటలు, సినిమాలు కార్డులో నింపియిచ్చెడివారు. చెల్లింపు లేని సినిమాలను అట్లు పంచుట చట్టవిరుద్ధము. అయితే ఆ దుకాణముల పద్ధతి మాత్రము మంచిదే: సిగ్నలు ఉన్నచోట నింపుకొని, లేనిచోటికి మోసికొనిపోవుట. గల్ఫ్‌కు వీడియో పంపుటకును ఇదియే అన్నిటికన్న సులభమార్గము. సెలవుపై వచ్చి తిరిగిపోవు ఊరివాని సంచిలో మామిడి పచ్చడి సీసాతో పాటు వ్రేలిగోరంత కార్డు ఒకటి పోయినచో ఏ ప్యాకు ఖర్చును లేదు. కార్డు పట్టు చోటు లేని ఫోనులకు ఓటీజీ పెన్ డ్రైవు వాడవచ్చును.

కార్డు విషయమున రెండు మాటలు. 32 జీబీ లోపు కార్డులు సాధారణముగా ఫ్యాట్32 అను పద్ధతిలో నుండును. ఆ పద్ధతిలో ఒక్క ఫైలు 4 జీబీకి మించరాదు. కార్డులో చోటు ఎంత ఖాళీగా నున్నను ‘ఫైలు చాల పెద్దది’ అని కంప్యూటరు నిరాకరించుటకు కారణమిదే. వీడియోను గంటకొక ముక్కగా విభజించినచో ఈ చిక్కు తొలగును. 64 జీబీ, అంతకు మించిన కార్డులు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో వచ్చును గనుక వానికి ఈ అడ్డు లేదు. ఇక రెండవది నకిలీ కార్డుల బెడద. పైన 256 జీబీ అని వ్రాసియుండును, లోపల 8 జీబీ మాత్రమే యుండును. ఫైలులన్నియు ఎక్కినట్లే కనబడును. తెరచి చూచిననాడు మొదటివి తప్ప ఏవియు ఆడవు. నమ్మరానంత చవకగా దొరకు కార్డును నమ్మరాదు. హెచ్2టెస్ట్‌డబ్ల్యు అను చిన్న ఉచిత సాధనము కార్డును నిండ వ్రాసి, తిరిగి చదివి, దాని నిజమైన కొలతను తెలుపును.

తీగ లేకుండ పంపు మార్గములును కలవు. పల్లెలలో ఒకప్పుడు షేర్ఇట్, జెండర్ అను యాపులు ఇంటింట నుండెడివి. 2020 జూన్ 29న భారత ప్రభుత్వము నిషేధించిన 59 యాపులలో ఈ రెండును కలవు. వానిని ఎక్కడెక్కడినుండియో దించుకొని వాడుట క్షేమము కాదు. గూగుల్ సంస్థవారి క్విక్ షేర్ ఆండ్రాయిడు ఫోనులలోనే యుండును. విండోస్ కంప్యూటరుకును దొరకును. ఇట్టివి ఒకే గదిలోని రెండు యంత్రముల నడుమ వైఫై ద్వారా ఫైలును పంపునపుడు మీ డేటా ప్యాకు ఖర్చు కాదు. చిన్న వీడియోలకు ఇది చాల అనుకూలము. పది జీబీల పెండ్లికి తీగయే నమ్మకము. ఆపిల్ ఫోనులకు పైన చెప్పిన ఫోల్డరు పద్ధతి పనిచేయదు. ఆపిల్ వారి సొంత సాధనముతో కంప్యూటరుకు కలిపి, ఫోనులోని వీఎల్‌సీ యాపునకు ఫైలును అప్పగింపవలెను.

వీడియో అనునది పట్టణమునుండి పల్లెకు వచ్చునది మాత్రమే అను కాలము పోయినది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లినుండి 2012లో మొదలైన ‘మై విలేజ్ షో’ ఆ యూరి మాటను, ఆ యూరి గంగవ్వను దేశదేశములలోని తెలుగువారికి పరిచయము చేసినది. ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో మెస్రం వంశీయులు జరుపు నాగోబా జాతరలో నేడు వేలకొలది ఫోనులు పైకి లేచుచున్నవి. దండారి పండుగలో గుస్సాడి ఆటను గురువులవలె నేర్పిన మార్లవాయి వాస్తవ్యులు కనకరాజు 2021లో పద్మశ్రీ పొందిరి. 2024 అక్టోబరులో కన్నుమూసిరి. అట్టి వారి అడుగులను, గోండి కథలు చెప్పు ప్రధానుల గొంతును ఎవరైనను చిత్రించియుండినచో, అది ఏ కంప్యూటరులో నున్నది, ఆ గూడెపు పిల్లల ఫోనులలోనికి చేరినదా అని విచారించుట అవసరము. ఆట నేర్చుకొను పిల్లవాడు పొరుగు పట్టణములోని కంప్యూటరు ముందు కూర్చుండజాలడు. చేతిలోని ఫోనులో ఉన్నచో అదే అడుగును పదిసార్లు నిలిపి నిలిపి చూచుకొనును.

ఫైలు ఫోనులోనికి చేరిన పిమ్మట వెంటనే కంప్యూటరులోనిదానిని తుడిచివేయుట మనవారికి పరిపాటి. ఇది చాల ప్రమాదకరము. మొదట ఫోనులో ఆ వీడియోను తెరచి, ఆరంభమును, నడుమను, చివరను చూడవలెను. కంప్యూటరులో చూపిన కొలతయు, ఫోనులో చూపిన కొలతయు సరిపోయినవా అని పోల్చవలెను. అప్పటికిని కనీసము రెండు చోట్ల ప్రతి యుండవలెను. ఫోను నీటిలో పడవచ్చును, దొంగలపాలు కావచ్చును. కంప్యూటరులోని హార్డు డిస్కు తిరుగు యంత్రము. అది ఏనాడైనను ఆగును. స్టూడియోవారి యొద్ద ఉన్నది గదా అని ఊరకుండుటయు తగదు. పెండ్లిండ్ల కాలము వచ్చిన కొలది చోటు చాలక వారు పాతవానిని తుడిచివేయుదురు. వారిని తప్పుపట్టుటకు వీలులేదు. వీడియో అందిన యేడాది లోపలనే మీ ప్రతిని మీరు భద్రము చేసికొనవలెను.

పేరు పెట్టుటలో కొంచెము శ్రద్ధ చూపినచో మేలు. కెమెరా ఇచ్చిన అంకెల పేరును అట్లే యుంచినచో పదేండ్ల తరువాత ఏది యేదో తెలియదు. ఫైలు పేరు తెలుగులోనే వ్రాయవచ్చును. నేటి కంప్యూటరులు, ఫోనులు దానిని చక్కగా చదువును. ముందు సంవత్సరము, తరువాత సందర్భము, ఊరు వ్రాసినచో ఫోను వానిని కాలక్రమములో తానే వరుసగా చూపును. పందిరిలో కనబడు పెద్దల పేర్లను ఇంటి ముసలివారిని అడిగి, ఒక చిన్న కాగితముపై వ్రాసి, దాని ఫొటో తీసి అదే ఫోల్డరులో ఉంచవలెను. ఆ పేర్లు తెలిసినవారు ఇంటిలో ఉన్నప్పుడే చేయవలసిన పని ఇది.